బాపు రైఫిల్‌కు గురి కుదిర్చిన మిస్త్రీ

నాకు కోపమెక్కువ. ఈ మాట పాండేసర మగ్గాల పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే మిస్త్రీగా పెళ్లికాక ముందు నుంచీ సూరత్‌లో బతుకుతున్నాను. తానులో జాడ పడితే నేసేవాడు మిస్త్రీ మీదికి తోస్తాడు. నా తప్పయితే తల వంచుకుంటాను. నాది కాని తప్పు నా నెత్తిన రుద్దితే మాత్రం ఎదుట ఉన్నది శేఠ్ అయినా సరే, వాణ్ని పుట్టించిన బ్రహ్మ అయినా సరే, పానా పట్టుకుని మీదికి పోతాను. ఒక మేనేజర్‌కు ముందు పళ్లు లేవు. అవి ఎక్కడ పోయాయో వాణ్నే అడగండి.

నా పేరు సోమలింగం. మాది జగిత్యాల దగ్గర ఊరు. గోపాల్ నా తమ్ముడు. మా అమ్మ పోయేనాటికి వాడికి చెడ్డీ తొడుక్కోవడం కూడా రాదు. నా భార్య వజ్రమ్మే వడోద్‌లోని మా గదిలో అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచింది. వాడికి తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే నోట్లో కలగలిసి వస్తాయి. వాడి భార్య నీరజ తొలి కాన్పుకని జగిత్యాలలో పుట్టింటికి పోయింది. వెనకాలే వీడు పోవాల్సింది. ఇంతలో లాక్‌డౌన్ వచ్చి పడింది.

రైళ్లు లేవు, బస్సులు లేవు. సాంచాలు ఆగిపోతే పాండేసరలో ఎంత నిశ్శబ్దమో అప్పుడే తెలిసింది. చెవుల్లో ఏదో తెగిపోయినట్టుండేది. ఊరికి పంపండని జనం రోడ్డెక్కితే గోపాల్ కూడా పోయి వీపంతా లాఠీ వాతలతో తిరిగొచ్చాడు. వజ్రమ్మ పసుపు నూనె రాస్తుంటే పళ్లు కొరుక్కుంటూ అన్నాడు.

“వదినా, నేను నడ్సుకుంట పోత. నీరజకు నెలలు నిండినయ్. ఈడ కూసుండి ఏం జెయ్యాలె?”

“ఏం నడుస్తవురా, సచ్చినోడా! మధ్యల పడిపోతే నీ పీనుగను ఎవడు మోస్తడు?” అని వజ్రమ్మ ఏడ్చింది. ఆ రాత్రే వాడి చెప్పులు తీసి బియ్యం డబ్బాలో దాచింది. వాడు వట్టి కాళ్లతోనైనా పోయే రకమని నాకు తెలుసు. వాణ్ని నీరజ దగ్గరికి చేర్చాలి. అప్పట్లో నా బతుక్కి ఉన్న పని అదొక్కటే.

అట్లాంటప్పుడు బాపు కబురు పెట్టాడు.

బాపు అంటే మా ఖాతా, అదే మేం పనిచేసే సాంచాల షెడ్డు, యజమాని కరణ్‌సింగ్. పెద్ద మీసం, పెద్ద గొంతు. సోన్‌గఢ్ అవతల అడవి అంచున అతనికి చెరకు తోట ఉంది. అక్కణ్నుంచి కూరగాయలు తెచ్చే బండికి పాసుంది కాబట్టి లాక్‌డౌన్‌లో కూడా తిరిగేది. లైసెన్సున్న రైఫిల్ కూడా ఉంది. దాని మీద బిగించడానికి దుర్బీన్లు తెప్పించుకున్నాడు గానీ తుపాకులు బాగుచేసే దుకాణాలన్నీ మూసేశారు. మా నాయన ఊళ్లో మక్క చేలో పందుల మీదికి నాటు తుపాకి పేల్చేవాడని, నాకు ఆ చెయ్యి అలవాటుందని నేనే ఎప్పుడో గొప్పలకు పోయి చెప్పాను. నా నోరే నాకు శత్రువు.

“అడవిలో గార్డుల్లేరు, మిస్త్రీ. దుప్పులు రోడ్ల మీదికొస్తున్నాయి,” అన్నాడు బాపు హిందీలో. “దుర్బీన్ బిగించి గురి కుదిర్చిపెట్టు. దుప్పి పడిన మర్నాడు నా బండి నిన్నూ నీ ఇంటోళ్లనూ ధర్మాబాద్ దాకా దింపుతుంది. అక్కడ దాటితే మీ తెలంగాణే కదా?”

దుప్పిని కొడితే జైలని నాకు తెలియదా? తెలుసు. మామూలు రోజుల్లో అయితే ‘నీ దుప్పి నీ దగ్గరే పెట్టుకో’ అని వచ్చేసేవాణ్ని. కానీ ధర్మాబాద్ పేరు వినగానే నా కళ్ల ముందు గోపాల్ గాడి వీపు మీది వాతలే కనిపించాయి. సరేనన్నాను.

బాపు బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకదాంట్లో సన్నటి చిన్న దుర్బీన్, దూరాన్ని నాలుగింతలు దగ్గర చేస్తుంది, అంతే. రెండోది మూరెడు పొడుగు, లావు గొట్టం. ఇరవై నాలుగింతల దాకా పెంచుకోవచ్చు, లోపల ఎర్ర గీతలు వెలుగుతాయి. నేను చిన్నదాని మీద చెయ్యి పెట్టాను.

“బాపూ, అడవిలో దుప్పి కేకేస్తే వినపడే దూరంలోనే ఉంటుంది. పెద్దదాంట్లోంచి చూస్తే దాని బొచ్చు తప్ప ఇంకేం కనపడదు. పక్కన చెట్టుందో, వెనకాల మనిషున్నాడో తెలియదు. ఇది చాలు.”

“ఇది చిన్నపిల్లల ఆటబొమ్మ,” అని అతను పెద్దదాన్నే నా చేతిలో పెట్టాడు. “నువ్వు సాంచాలు చూసుకునేవాడివి. చెప్పింది చెయ్యి.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మింగేశాను.

మర్నాడు పొద్దున్నే బాపు జీపులో బయల్దేరాం. బాపు, నేను, గోపాల్. సామాను మోయడానికి ఒకడు కావాలన్నాడని వాణ్ని తీసుకెళ్లాను. వజ్రమ్మ గుమ్మంలో నిలబడి, “ఇద్దరు పోతున్నరు, ఇద్దరే రావాలె. నాకు దుప్పి గిప్పి తెల్వదు,” అంది.

చెరకు తోట వెనక బీడు ఉంది. దాని కొసకు రెండు కర్రలు పాతి, ఖాతా నుంచి తెచ్చిన గ్రే బట్ట, అంటే రంగు వెయ్యని తెల్ల బట్ట, ముక్క కట్టి, మధ్యలో బొగ్గుతో చుక్క పెట్టాను. జీపు బానెట్ మీద ఇసుక సంచులు పేర్చి వాటి మీద రైఫిల్ ఆనించాను. దుర్బీన్‌ను రెండు ఇనుప కడియాలు పట్టి ఉంచుతాయి. వాటి మరలు ఒక్కొక్కటీ బిగించాను. బిగించే ముందు ప్రతి మరకూ నూనె చుక్క వేశాను. సాంచా మనిషి మరను ఎండగా వదలడు. నాకు పని నేర్పిన బక్కయ్య నూనె వెయ్యని మర కనపడితే పానాతో వేళ్ల మీద కొట్టేవాడు. అది ఇప్పుడు నా చేతుల్లోకి ఇంకిపోయింది, నేను చెప్పకుండానే చేతులు ఆ పని చేసేస్తాయి.

గురి కుదర్చడమంటే పెద్ద విద్యేం కాదు. మూడు గుండ్లు ఒకే చుక్కకు కొట్టాలి. చుక్కకు దూరంగా పడ్డా ఫర్వాలేదు, మూడూ ఒక్కచోట పడాలి. అప్పుడు దుర్బీన్ మీది బిళ్లను టిక్కు టిక్కుమని తిప్పి, గుండు పడే చోటికీ గీతలు కలిసే చోటికీ పొత్తు కుదర్చాలి. మొదటి మూడు గుండ్లు చుక్కకు జానెడు ఎడమగా, అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. బిళ్ల తిప్పాను. తర్వాతి మూడు చెల్లాచెదురయ్యాయి. ఒకటి బట్టకే తగల్లేదు. మళ్లీ తిప్పాను. ఇంకా దూరం పోయాయి. నాకు చెమటలు పట్టాయి. కుడికి తిప్పితే పైకి పోతుంది, కిందికి తిప్పితే పక్కకు పోతుంది!

“క్యా హై యే?” అని బాపు గర్జించాడు. “గుండ్లు చెట్లకు కాస్తాయా? కావాలనే చేస్తున్నావు కదూ?”

“కావాలని ఎందుకు చేస్తా? నాకు బండి అక్కర లేదా?” అన్నాను. గొంతు కొంచెం లేచే ఉంటుంది.

అంతే, బాపు రైఫిల్ లాక్కున్నాడు, దాని మడమ వచ్చి నా దవడకు తగిలింది. కళ్ల ముందు తెల్లగా వెలిగింది. కింద పడ్డాను. నోట్లో ఉప్పటి రక్తం, నాలుక మీద విరిగిన పన్ను ముక్క. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడేలోపు గోపాల్ దూకాడు. బాపు మీసం మీదే గుద్దాడు, ముక్కు చితికేటట్టు.

“మా అన్నను గొడ్తవా బే? తేరీ...”

బాపు వెనక్కి తూలి చక్రానికి ఆనుకున్నాడు. ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసింది. రైఫిల్ గొళ్లెం ‘ఖట్’మని లాగాడు. దాని మొన గోపాల్ రొమ్ముకు ఆనింది. వాడు వెనక్కి తగ్గలేదు, వెధవ! “మార్, మార్‌కే దిఖా” అంటున్నాడు. నేను పాక్కుంటూ పోయి బాపు కాళ్లు పట్టుకున్నాను. నా బతుకులో ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. వాడికి బుద్ధి లేదనీ, చిన్నోడనీ, పెళ్లాం కాన్పుకుందనీ, ఏం చెప్పానో నాకే గుర్తులేదు. చాలాసేపటికి మొన కిందికి దిగింది.

“గురి కుదర్చు,” అన్నాడు బాపు రుమాలుతో ముక్కు పట్టుకుని. “తర్వాత చూద్దాం.”

రైఫిల్ మళ్లీ సంచుల మీద పెట్టి దుర్బీన్‌ను పట్టుకున్నాను. గొట్టం కడియాల్లో జారింది. వేలు పెట్టి చూస్తే జిగటగా నూనె. నూనె పూసిన మర సాంచాకు ప్రాణం, తుపాకికి చావు. ప్రతి పేలుడు కుదుపుకూ మర కొంచెం కొంచెం వదులైపోయింది. ఛీ, నా చేతులు విరగ! జీపులోంచి పెట్రోల్ తీసి, గుడ్డ తడిపి, ప్రతి మరనూ ప్రతి కడియాన్నీ ఎముకలా ఎండిపోయేదాకా తుడిచి బిగించాను. మళ్లీ కొట్టాను. మూడు గుండ్లూ ఒక్కచోట. బిళ్ల తిప్పాను. మూడూ చుక్కలోనే, రూపాయి బిళ్ల కింద దాచేంత దగ్గరగా.

బాపు తాను కూడా కొట్టి చూసుకుని నవ్వాడు. ముక్కు ఎర్రగా ఉబ్బింది, నవ్వు మాత్రం అందులోంచే వచ్చింది.

“హీరా హై తూ, మిస్త్రీ. రేపు తెల్లారగానే వేట. హాకా నీ తమ్ముడు చేస్తాడు.”

హాకా అంటే అడవిలోకి దిగి, అరుచుకుంటూ, డబ్బా కొట్టుకుంటూ జంతువుల్ని తుపాకి ముందుకు తోలడం. ఆ పనికి ఊళ్లోవాళ్లు వచ్చేవారట. కరోనా భయంతో ఎవరూ రామన్నారు. నేను పోతానన్నాను.

“నువ్వు నా పక్కనే ఉండాలి. మళ్లీ వదులైతే ఎవడు చూస్తాడు? నా మీద చెయ్యెత్తినోడు కాళ్లన్నా అరగదీసుకోవాలి.”

గోపాల్ నా భుజం తట్టాడు. “ఛోడ్ నా అన్నా. ఒక్క పొద్దే గద? ఎల్లుండి బండెక్కుతం.”

రాత్రి తోటలోనే పడుకున్నాం. తెల్లవారింది. గోపాల్ తలకు ఆ గ్రే బట్టే తలపాగాగా చుట్టాను. “అరుసుడు బంద్ చెయ్యకు. డబ్బా కొడుతనే ఉండు. సప్పుడు ఆగిందంటే నేనే వచ్చి నీ వీపు పలగ్గొడ్త,” అన్నాను. వాడు నవ్వి, డబ్బా మీద పెళ్లి దరువు వాయించుకుంటూ టేకు చెట్లలోకి పోయాడు.

బాపూ నేనూ ఒక రాతి వెనక కూర్చున్నాం. డబ్బా చప్పుడు దూరంగా పోయి, మళ్లీ మా వైపుకు తిరిగింది. పొదల్లో కదలిక. కొమ్ములున్న దుప్పి ఒకటి బయటికొచ్చి చెవులు నిక్కించి నిలబడింది. బాపు దుర్బీన్‌ను పూర్తిగా పెంచి కన్ను ఆనించాడు. నేను వట్టి కళ్లతో చూస్తున్నాను. దుప్పి వెనక, చెట్ల సందులో తెల్ల తలపాగా. డబ్బా చప్పుడు వినపడుతూనే ఉంది.

“బాపూ, ఆగు! వెనకాల గోపాల్!”

“ష్. భుజం నిండుగా కనపడుతోంది.”

గొట్టం మీదికి చెయ్యి విసిరాను. నా చెయ్యి అందేలోపు పేలింది. దుప్పి అప్పటికే గెంతింది. గుండు మాత్రం చూసిన చోటికే పోయింది. నేను కుదిర్చిన గురి వెంట్రుక వాసి తప్పలేదు. డబ్బా చప్పుడు ఆగిపోయింది.

ఎట్లా పరిగెత్తానో తెలియదు. గోపాల్ పొద మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తొడ పగిలిపోయి ఉంది, తెల్లటి ఎముక ముక్క బయటికి పొడుచుకొచ్చింది, రక్తం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిసిపడుతోంది. తలపాగా లాగి, పానా కట్టెలా పెట్టి మెలితిప్పి తొడకు బిగించాను. వాడు నా చేతిని కొరికాడు. అరవకుండా ఉండడానికి కొరికాడు.

బాపు వచ్చి చూశాడు. మొహం తెల్లబోయింది. రైఫిల్ గొళ్లెం లాగి, కింద రాలిన ఖాళీ తూటా గొట్టాన్ని వంగి ఏరుకుని జేబులో వేసుకున్నాడు. నా తమ్ముడి దగ్గర కాదు, తూటా గొట్టం దగ్గర వంగాడు.

“జీపెక్కించు. దవాఖానకు,” అన్నాను.

“దవాఖానలో పోలీసులొస్తారు. వేట సంగతి బయటపడుతుంది. తోటకు తీసుకుపోదాం, నాకు తెలిసిన కాంపౌండర్ ఉన్నాడు, సాయంత్రానికి...”

“సాయంత్రానికి పీనుగైతడు!”

“అరే, పెద్దగా అరవకు. నీకేం కావాలో చెప్పు. బండి కావాలా, ఇస్తాను. ఇంకా ఏం కావాలన్నా...”

రాయి తీసుకుని వాడి మోచేతి మీద కొట్టాను. విరిగిన చప్పుడు వినపడింది. రైఫిల్ జారిపోయింది. వాడు మోకాళ్ల మీద పడితే దవడ మీద తన్నాను, మళ్లీ తన్నాను. ఇంకో తన్ను తంతే పోయేవాడే. పోతే జీపు నడిపేదెవరని ఆపాను. నాకు నడపడం రాదు. అప్పుడు తెలిసింది, మనిషిని చంపడానికి నాకు కావాల్సిందంతా నాలో ఉందని. భయం కూడా వేయలేదు.

గోపాల్‌ను వెనక సీట్లో పడుకోబెట్టి వాడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. రైఫిల్ మొన బాపు చెవి వెనక ఆనించాను. ఒంటి చేత్తో, ఏడుస్తూ నడిపాడు. గతుకు వచ్చినప్పుడల్లా గోపాల్ మూలిగాడు.

“అన్నా, నీరజకు చెప్పకు.”

“నోర్ముయ్. నువ్వే చెప్పుకో పోయి.”

“చలి పెడ్తుంది అన్నా.”

మే నెల ఎండలో వాడికి చలి. నా చొక్కా విప్పి కప్పాను.

రోడ్డెక్కగానే నాకా వచ్చింది. వెదురు బొంగులు అడ్డం, మాస్కులు కట్టుకున్న పోలీసులు. పక్కనే చెట్టు నీడలో అంబులెన్స్ నిలబడి ఉంది. దాన్ని చూసి దేవుడున్నాడనుకున్నాను. జీపు ఆగీ ఆగక ముందే బాపు తలుపు తెరుచుకుని కింద పడ్డాడు.

“బచావ్! వీడే కాల్చాడు! సొంత తమ్ముణ్నే కాల్చాడు! నా చెయ్యి విరగ్గొట్టాడు!”

పోలీసులకు కనిపించిందేమిటి? చేతిలో రైఫిల్ ఉన్న నెత్తుటి కూలోడు, చెయ్యి విరిగిన శేఠ్. నన్ను జుట్టు పట్టి లాగారు. లాఠీలు వీపు మీద, మోకాళ్ల మీద పడ్డాయి. రైఫిల్ ఎప్పుడు పోయిందో తెలియదు.

“జూటా! వీడే కాల్చిండు! దుప్పిని కాల్చబోయి మా తమ్ముణ్ని కాల్చిండు!” అని తెలుగులో, హిందీలో అరిచాను.

“సాబ్, వీడి కోపం గురించి పాండేసరలో ఎవర్నైనా అడగండి,” అన్నాడు బాపు.

ఇన్‌స్పెక్టర్ మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టమన్నాడు. ఎవరు కాల్చారో, ఎక్కడ కాల్చారో తేలాలన్నాడు. అంబులెన్స్ మనిషి స్ట్రెచర్ దించి నిలబడి ఉన్నాడు, సాబ్ ఊ అంటే ఎత్తుదామని చూస్తున్నాడు. తుపాకి కేసు, సాబ్ చెప్పకుండా ముట్టుకోనన్నాడు. నేనొక మాటంటే బాపు ఒక మాటన్నాడు. నేను మళ్లీ అన్నాను. వాడు మళ్లీ అన్నాడు. జీపు తలుపు తెరిచే ఉంది. గోపాల్ చెయ్యి సీటు మీది నుంచి కిందికి వేలాడుతోంది. వేళ్ల కొసల నుంచి నెత్తురు తారు మీదికి కారుతోంది. వాడి పెదాలు బూడిద రంగుకొచ్చాయి.

ఇంకో మాట, ఇంకో మాట. నిజం నా వైపే ఉంది. ఎంతసేపైనా కొట్లాడగలను. కానీ వాడికి అంతసేపు లేదు.

“హా సాబ్,” అన్నాను. “మైనేహీ మారా. నేనే కాల్చిన. కోపంల కాల్చిన. ఇగ తేలింది గద? మొదలు వాణ్ని తీస్కపోండి.”

ఇన్‌స్పెక్టర్ నా మొహంలోకి చూసి, అంబులెన్స్ వైపు చెయ్యి ఊపాడు. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే గోపాల్ కళ్లు తెరిచాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ములాఖాత్‌లు మళ్లీ మొదలయ్యాక వాడు జైలుకొచ్చాడు. చంకలో కర్ర, చిక్కిపోయిన మొహం. కూర్చోకుండానే మా మధ్యనున్న ఇనుప జాలీని గుద్దాడు.

“ఎందుకొప్పుకున్నవ్? హా? ఎందుకు? వకీలుకు చెప్పిన, పోలీసులకు చెప్పిన, బాపు కాల్చిండని. ఒక్కడు నమ్మడు. అన్న మీద పాయిరంతోని అబద్ధమాడుతున్నవ్ అంటరు. ఖాతాల అందరు గదే అంటున్నరు, సోమలింగానికి కోపమొస్తే కాలుస్తడు అని. నీరజ సుత...”

కర్ర మీది చెయ్యి మార్చుకున్నాడు.

“నీరజ సుత ఏంది?”

“బిడ్డ పుట్టింది అన్నా. నీకు జూపెట్ట అంటుంది. మొగన్ని కుంటోన్ని జేసినోనికి నా బిడ్డ మొఖం సుత చూపియ్య అంటుంది. ఎంత చెప్పినా ఇంటలేదు.”

నాది కాని తప్పు నా నెత్తిన పడితే నేనెట్లాంటివాణ్నో మీకు చెప్పాను కదా. ఒళ్లంతా మండింది. జాలీ పీకి, జైలు గోడ పగలగొట్టి, జగిత్యాల దాకా పరిగెత్తి ఆ పిల్ల ముందు నిలబడి అరవాలనిపించింది. గోపాల్ కర్ర మీద ఒరిగి ఏడుస్తున్నాడు.

“కాలు నొస్తుందా?” అని అడిగాను.

“చలికి నొస్తది.”

“నడుస్తున్నవ్ గద?”

“నడుస్తున్న.”

“మరింకేంది? నోర్మూసుకొని ఇంటికి పో,” అని కసిరాను. “బిడ్డ ఏడుస్తుంటది.”

వాడు పోలేదు. గంట కొట్టేదాకా జాలీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.